హోమ్ మార్చాను, యాప్‌కు దారి తెలియలేదు

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే షాహీనక్క కంప్యూటర్‌లో జాగా నిండిపోయింది. నిన్న ఆమె అడక్కుండానే, లినక్స్‌లో ఆమె ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌ను కొత్త డిస్కులోకి మార్చి గొప్పగా ఫీలయ్యాను.

పొద్దున్నే ఫోన్ వచ్చింది. హంసల అంచుకు చివరి మెరుగులు దిద్దాలంటే బొమ్మలు గీసే యాప్ తెరుచుకోవడం లేదట. వెళ్లి చూశాను. భద్రత కోసం ఆ యాప్‌ను ఒక కంచెలో పెట్టి నడుపుతారు. హోమ్ మామూలు చోట లేకపోతే దానికి కనపడదు, యాప్ తెరుచుకోదు. అదే అక్కకు చెప్పాను.

"ఏమప్పా, మేం ఎన్నిండ్లు మారినా గ్యాస్ బండ తెచ్చేటాయన కనుక్కోని వస్తాడు. ఇంట్లోనే ఉండేదానికి ఇల్లు తెలీదా?" అంది అక్క.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. డిజైన్ మధ్యాహ్నానికల్లా మగ్గం దగ్గరికి చేరాలి.

సాయంత్రానికి ఒక్క లైను సెట్టింగుతో యాప్ తెరుచుకుంది. సంబరంగా పిలిచాను.

"మగ్గానికి వేరేవాళ్ల డిజైన్ ఎక్కిచ్చినారు లేప్పా," అంది. "నన్నొక మాట అడిగింటే, పాతవి తీసేసి జాగా చేసుకుంటాంటి కదా."

తెర మీద హంసలు మాత్రం చక్కగా కనపడుతున్నాయి. అడగని సాయం చేసి మీరెవరి పనైనా ఇలా చెడగొట్టారా? తర్వాత వాళ్ల ముఖం ఎలా చూశారో కాస్త చెప్పండి.