మేస్త్రిగారి చెవులు

ఒకప్పుడు మెకానిక్ మేస్త్రి చెవుల గురించి పేటంతా కథలు కథలుగా చెప్పుకునేవారు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే దానికేం రోగమో షెడ్డులోంచే చెప్పేసేవాడు. అలాంటి మనిషికి, ఏళ్ల తరబడి సుత్తి దెబ్బల మధ్య బతికినందుకు, చివరికి ఆ చెవులే మొరాయించాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు మహానుభావుడు. ఎవరేమన్నా తల ఊపేసి, బ్రేకులు చూడమన్నవాడికి హారన్ బాగుచేసి పంపాడు.

భార్య కనిపెట్టింది గానీ, కాస్త ఆలస్యంగా. "నా మాట ఎప్పుడు విన్నాడు గనక, వినపడటం లేదని తెలియడానికి!" అనేది. తల పట్టుకుని కూర్చోకుండా నడుం బిగించి షెడ్డులోకి వచ్చింది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకి నొక్కి, విన్నది విన్నట్టు పెదవులు బాగా కదిలిస్తూ చెప్పేది. విడిభాగాల పేర్లు ఆవిడకు తెలియవు. "గిన్నె మీద మూత ఎగురుతోంది" అంటే పైన వాల్వుల గోల. "కింద ఎవరో తలుపు బాదుతున్నారు" అంటే బేరింగు పోయినట్టు, ఇంజన్‌కి నూకలు చెల్లినట్టు. ఆ భాషతోనే షెడ్డు నడిచింది.

ఒక ఉదయం రొట్టెల చెల్లెమ్మ తన పాత వ్యానుని తాడు కట్టించి లాక్కొచ్చింది. సొంత చెల్లెలు కాదు, పిలుపు వరసే. భర్త పోయాక ఆ వ్యానులో రొట్టెలమ్ముతూ పిల్లల్ని పెంచుకొస్తోంది.

"అన్నా, ఉన్నట్టుండి ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. లోపల టకటకమంది. వెంటనే తాళం తిప్పి ఆపేశా. ఇంజన్ పట్టేసింది, ఇనుప సామాను కింద అమ్ముకో అంటున్నారు. నిజమేనా?"

ఆమె పెదవులు చూస్తూ మేస్త్రి అంతా గ్రహించాడు. ముందు కొలపుల్ల లాగి చూశాడు. ఆయిల్ నిండుగా ఉంది. పెద్ద స్పానర్‌తో ఇంజన్‌ని చేత్తో తిప్పాడు. హాయిగా తిరిగింది. అంటే పట్టెయ్యలేదు. లైటు అబద్ధమాడుతోందేమోనని దాని స్విచ్చి విప్పి, ఆ చోట ప్రెషర్ గేజి బిగించి, స్టార్టర్‌తో కాసేపు తిప్పించాడు. ముల్లు సున్నా మీదే మేకులా కదలకుండా ఉంది.

ఆయిల్ ఉంది, పైకి ఎక్కడం లేదు. కింద ఆయిల్ నిలిచే చాంబర్ విప్పాడు. ఆయిల్‌ని పైకి పీల్చే జల్లెడ నిండా బూడిదరంగు ముక్కలు. చూడగానే మేస్త్రి మొహం పాలిపోయింది. మొన్న చెల్లెమ్మ ఆయిల్ కారుతోందంటే, ఒక్క చుక్క కూడా కారకూడదని చాంబర్ అంచుకి తాను ధారాళంగా రాసిన పేస్టు అది. ఎక్కువైంది లోపలికి పొంగి, ఊడి, జల్లెడని మూసేసింది.

"నా నిర్వాకమే అమ్మా ఇది," అన్నాడు. "బాగుచెయ్యబోయి పాడుచేశాను."

చెల్లెమ్మ కోప్పడలేదు. "బతుకుతుందా అన్నా?" అని మాత్రం అడిగింది.

జల్లెడ కడిగి, లోపలి ముక్కలన్నీ ఏరి, ఈసారి పేస్టు పొదుపుగా రాసి, కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేశాడు. ముల్లు లేచింది. అయినా బేరింగు అప్పటికే అరిగిపోయి ఉంటే అంతా వృథా. ఆ సంగతి చెప్పాల్సింది చెవే. భార్య స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకుంది. మేస్త్రి ఆవిడ పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

"మూత ఎగురుతోంది... ఆగింది," అంది. స్క్రూడ్రైవర్ కిందికి జరిపింది. చాలాసేపు విన్నది. "తలుపు దగ్గర ఎవరూ లేరు."

చెల్లెమ్మ వదిన మెడ చుట్టూ చేతులేసి భోరుమంది.

"నువ్వు వెంటనే ఆపబట్టే బతికిందమ్మా," అన్నాడు మేస్త్రి, చేతులు జోడించి. "ఇంకాస్త దూరం నడిపి ఉంటే నేను నీకు మొహం చూపించలేకపోయేవాణ్ణి."

తర్వాత భార్య పక్కకి వంగి రహస్యంగా ఒక మాట చెప్పాడు. రహస్యమని ఆయన అనుకున్నాడు. వీధి చివరి దాకా వినపడింది. "నువ్వే లేకపోతే ఈ షెడ్డు ఎప్పుడో మూసుకునేవాణ్ణి. ఇన్నాళ్లూ నీకీ మాట చెప్పనే లేదు!"

ఎదురు కొట్టువాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. ఆవిడ సిగ్గుతో తల దించుకుని, "సరేలే, మెల్లిగా," అంది.

తల దించుకుంది కదా, ఆయనకి పెదవులు కనపడలేదు. తన మాట ఆవిడకి వినపడలేదేమోననుకుని, ఇంకాస్త గట్టిగా మళ్లీ చెప్పాడు.