పేరు చెప్పని ప్రార్థన

పుంగనూరులో శుక్రవారం స్త్రీల కూడిక ఎవరింట్లో జరిగినా, ప్రార్థన అంశాలు అడిగేసరికి అందరి చూపూ దయామణి వైపు తిరిగేది. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎవరికి షుగరు పెరిగిందో, ఎవరి స్కానింగులో ఏం కనబడిందో ముందుగా ఆమెకే తెలిసేది. చెప్పేటప్పుడు మాత్రం "పేరు చెప్పను గానీ" అని మొదలుపెట్టేది. పేరు చెప్పకపోతే అది చాడీ కాదు, ప్రార్థన భారం అని ఆమె నమ్మకం.

పోయిన వేసవిలో అదే చర్చికి వచ్చే జెస్సికా ఒక మందుచీటీ తెచ్చి చూపించింది. కాన్పయి నాలుగు నెలలు. ఏడుపు ఆగడం లేదు, బిడ్డను ఎత్తుకోవాలంటే భయం. బెంగుళూరు డాక్టరు మనసుకు మాత్రలు రాశాడు.

"పాలిచ్చేదాన్ని, మింగొచ్చా ఆంటీ? ఎవురికీ చెప్పొద్దు."

దయామణి చీటీ చదివి, మింగొచ్చని ధైర్యం చెప్పింది. ఆ శుక్రవారమే కూడికలో, పేరు చెప్పను గానీ, మన సంఘంలో ఒక పసిబిడ్డ తల్లి మనసు చెదిరి మాత్రలు మింగుతోంది, భారంతో ప్రార్థించండి అంది.

ఆ ఏడు సంఘంలో పసిబిడ్డ ఉన్న ఇల్లు ఒక్కటే.

ఆదివారానికల్లా ప్రార్థన నూనె సీసాతో ఇద్దరు, ఉపవాసం ఉండమంటూ ముగ్గురు జెస్సికా ఇంటికి వెళ్లారు. మాత్రలు మింగడం విశ్వాసం లేకపోవడమేనని ఒకావిడ వాటిని చెత్తబుట్టలో వేయబోయింది. ఎవరు చెప్పారో వాళ్లు బయటపెట్టలేదు, ధైర్యం చెప్పిన దయామణి మీద జెస్సికాకు అనుమానమే రాలేదు. ఇంట్లో మాత్రల అట్ట కంటబడింది స్నేహితురాలు స్వర్ణలతకే గనుక ఆమే చెప్పి ఉంటుందని జెస్సికా అనుకుంది. చిన్నప్పటినుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరికీ మాటలు పోయాయి. జెస్సికా భర్త రోషన్ కుప్పానికి బదిలీ అడిగి తీసుకున్నాడు.

స్వర్ణలత ఇప్పుడు చర్చిలో వెనక వరసలో ఒంటరిగా కూర్చుంటుంది. ముగింపు ప్రార్థన కాకముందే లేచి వెళ్లిపోతుంది. ఆ ఖాళీ అయిన చోటు చూసినప్పుడల్లా దయామణికి ఆ శుక్రవారం గుర్తొచ్చేది.

ప్రభువు బల్ల ఆదివారం రొట్టె పళ్లెం తన దగ్గరికి వస్తే తీసుకోకుండా పక్కకు అందించేసింది. పాస్టరు ఎలీషా గమనించి, అందరూ వెళ్లాక అడిగాడు. ఉన్నదంతా చెప్పింది.

"దేవునికాడ ఒప్పుకున్నావు కదమ్మా?"

"రోజూ ఒప్పుకుంటానే ఉండా అయ్యగారూ. ఆయనకి చెప్పేది సులభం. ఆయనకి ముందే తెలుసు."

"అట్లయితే వచ్చే వారం అందరి ముందర సాక్ష్యంలో చెప్పు. మనసు తేలికైతాది."

ఆ మాట తియ్యగా తాకింది. మైకు ముందు తాను నిలబడటం, గొంతు జీరబోవడం, ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకోవడం అన్నీ కళ్లకు కట్టాయి. అంత బాగా కనబడినందుకే భయపడింది.

"సాక్ష్యం చెప్తే అందరూ స్తోత్రం అంటారు అయ్యగారూ. జెస్సికా అనదు. ఆ బిడ్డకే చెప్పాల."

మంగళవారం పొద్దున పలమనేరులో బస్సు మారి కుప్పం బయలుదేరింది. దారంతా మాటలు కూర్చుకుంది. ఎట్లా కూర్చినా 'ప్రేమ కొద్దీ చెప్పాను' అన్న ముక్క అందులో దూరుతూనే ఉంది. గంగవరం దాటాక దాన్ని తీసేసింది. వి.కోట వచ్చేసరికి అది మళ్లీ వచ్చి కూర్చుంది.

జెస్సికా నవ్వుతూ తలుపు తీసింది. మనిషి తేరుకుంది. బిడ్డ గోడ పట్టుకుని నడుస్తోంది. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంటూ అంది.

"ఆ ఊర్లో నా మాట నిలబెట్టింది నువ్వొక్కదానివే ఆంటీ. స్వర్ణలతను మాత్రం ఈ జన్మలో నమ్మను."

ఇంక ఏమీ చేయనక్కర్లేదు. కాఫీ తాగి, బిడ్డను ముద్దాడి, మూడు గంటల బస్సెక్కితే చాలు. నవ్వుతున్న పిల్లను ఏడిపించడం మాత్రం పాపం కాదా అని తన లోపలే ఎవరో ఎంతో మర్యాదగా అడిగారు.

దయామణి గ్లాసు కింద పెట్టింది.

"స్వర్ణలత కాదమ్మా. నేనే. కూడికలో చెప్పినా."

"నా పేరు చెప్పినావా?"

"లేదు. పేరు లేకుండానే అందరికీ తెలిసేటట్టు చెప్పినా."

జెస్సికా కాఫీ గ్లాసును పక్కకు జరిపింది.

"యాల చెప్పినావాంటీ?"

బస్సులో వెంటవచ్చిన ముక్క నాలుక చివరే ఉంది. దయామణి దాన్ని మింగింది.

"నాకొక్కదానికే తెలిసిన సంగతి ఒకటుండాదని నలుగురికీ తెలియాలని."

జెస్సికా లేచి ఫోను తెచ్చింది. స్వర్ణలత నంబరు నొక్కి, మోగుతుండగా దయామణి చేతిలో పెట్టింది.

"నాకు చెప్పినట్టే చెప్పు."

చెప్పింది. అవతల నుంచి స్వర్ణలత, "జెస్సీ ఆడ్నే ఉండాదా?" అని మాత్రం అడిగింది.

జెస్సికా ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. మాటలు వినబడే దూరమే. దయామణి బిడ్డను ఎత్తుకుని వీధి గేటు దాకా వెళ్లి నిలబడింది.

ఎర్రబడిన కళ్లతో వచ్చి జెస్సికా బిడ్డను అందుకుంది. ప్రార్థన చేయకుండా ఒక ఇంటి గడప దాటడం దయామణి ఎరగదు. అలవాటుగా కొంగు తలమీదికి లాక్కుంది.

"ప్రార్థన చేసుకుందామా అమ్మా?"

"వద్దాంటీ. ఈ పొద్దు వద్దు."

దయామణి కొంగు దించి, చెప్పులు తొడుక్కుంది.

శుక్రవారం కూడికలో ఎవరో ఒకావిడ చాప మీద జరిగి దగ్గరగా కూర్చుంది. "కుప్పం పోయొచ్చినావంట. జెస్సికా ఎట్లుండాది?"

"ఆ బిడ్డనే అడుగు తల్లీ" అని దయామణి పాటల పుస్తకం తెరిచింది.