ఆరని దీపానికి నేను చెప్పిన జవాబు

నా చిన్నప్పుడు మేము బెల్లంపల్లిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి రోజులవి. నేను అయిదో తరగతి. అడగకముందే జవాబు చెప్పే పిల్లనని బడిలో నాకు పేరు. ఆ పేరంటే నాకు మహా మోజు.

పక్కింటి అక్క పంతులమ్మ ట్రైనింగులో ఉండేది. వాళ్ల బాపుకు, అంటే నాన్నకు, ఊపిరితిత్తులు చెడి, బాయి పనికి అన్‌ఫిట్ అని రాసేశారు. నెల తిరిగేలోపు క్వార్టరు ఖాళీ చేయాలి. అక్క చివరి పరీక్ష గట్టెక్కితే ఏదో పల్లె బడిలో ఉద్యోగం, దాని వెంట తల దాచుకోవడానికి ఓ ఇల్లు. లేకపోతే ఆ ఇంటిల్లిపాదీ ఎక్కడికి పోవాలో వాళ్లకే తెలియదు. ఆ పరీక్ష మా తరగతిలోనే. బయటి నుంచి వచ్చే సారు ముందు ఒక సైన్సు పాఠం చెప్పాలి.

పిల్లల చేత చేయించి, వాళ్లంతట వాళ్లే తెలుసుకునేట్టు పాఠం నడపాలని ట్రైనింగులో చెప్పారట. పాపం అక్క, భయంకొద్దీ, తను అడగబోయే ప్రశ్నలే కాదు, మేం చెప్పబోయే జవాబులు కూడా నోట్సులో ముందే రాసిపెట్టుకుంది. వెలిగే కొవ్వొత్తి చుట్టూ లాంతరు చిమ్నీ నిలబెట్టి, పైన పలక మూయాలి. దీపం ఆరిపోతుంది. ఎందుకారిందని అడగ్గానే నేను లేచి, లోపలికి గాలి అందలేదు కాబట్టి అనాలి. వారం రోజులు వాళ్లింటి గచ్చు మీద చేసి చూశాం. ప్రతిసారీ బుద్ధిగా ఆరింది. నిద్రలో కూడా అదే పలవరిస్తున్నానని మా అవ్వ నవ్వేది.

ఆ రోజు రానే వచ్చింది. దీపం రెపరెపలాడకూడదని కిటికీలన్నీ మూశారు. ఒకటే ఉక్కపోత. సారు వెనక బెంచీ మీద కూర్చున్నారు. అక్క కొవ్వొత్తి వెలిగించి, చిమ్నీ నిలబెట్టి పలక మూసింది. కాసేపాగి, నోట్సులోంచి తలెత్తకుండా, దీపం ఎందుకారిందని అడిగింది. నేనూ దీపం వైపు చూడలేదు. సారు వైపే చూస్తూ, లేచి నిలబడి గడగడా జవాబు అప్పజెప్పాను.

దీపం నిక్షేపంగా వెలుగుతోంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు లేచి నా దగ్గరికి వచ్చి, "దీపం ఆరిందా బిడ్డా?" అని మెల్లగా అడిగారు. ఆరలేదంటే అక్క పాఠం మట్టిపాలు. ఆరిందంటే పచ్చి అబద్ధం. ఆ గదిలోంచి పారిపోవడానికి దారే లేదనిపించింది. మంటనే చూస్తూ, "ఆరింది సార్" అన్నాను.

అక్క నోట్సు మూసి బల్ల మీద పెట్టింది. "సార్, గా పిల్ల తప్పేం లేదు. జవాబు నేనే నేర్పిన" అంది. తర్వాత మా వైపు తిరిగి, "దీపం ఎందుకు ఆరుతలేదో నాకు గూడ తెల్వదు. దగ్గరికొచ్చి మీరే చూడుండ్రి" అంది.

అందరం బల్ల చుట్టూ మూగాం. పైన పలక కింద చిమ్నీ అంచుకు పెచ్చు ఊడి ఉంది. పొద్దున సంచిలో తెస్తుంటే ఎక్కడో తగిలినట్టుంది. అడుగున బల్ల చెక్కలు ఎగుడుదిగుడు, వేలు పట్టేంత సందు. అది చూసి నా వెనక బెంచీ పిల్ల ఒకతె, "బాయిల మంట లేస్తె మా బాపోళ్లు గోడ కట్టి, సందులల్ల మట్టి మెత్తుతరు టీచర్" అంది. నీళ్ల నల్లా దగ్గర్నుంచి తడిమట్టి తెచ్చి, పైనా కిందా మెత్తాం. మంట కుంచించుకుపోయి, నీలంగా మారి, ఆరిపోయింది. ఎందుకారిందో ఎవరూ అడగకముందే, లోపలికి గాలి అందలేదని గదంతా ఒక్కసారిగా అరిచింది.

జవాబులు ముందే నేర్పినందుకు సారు అక్కను పాస్ చేయలేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

నెలాఖరున వాళ్లు సామాను బండికెత్తుకుని, ఖానాపూర్ వైపు ఎవరో చుట్టాల కొట్టంలో ఉండటానికి బయల్దేరారు. నేను బండి పట్టుకుని, నా వల్లే ఇదంతా అని వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క కిందికి దిగి నా ముఖం తుడిచింది. "ఇల్లు ఇయ్యాల పోతది, రేపొస్తది బిడ్డా. కండ్ల ముంగట మండుతున్న దీపాన్ని ఆరిందని నీ నోటితోని అనిపించిన. గదే నాకు నిద్ర పట్టనిస్తలేదు" అంది.

అక్క రెండోసారి పాసైంది. నేనూ పంతులమ్మనై, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్పే పిల్ల ఎదురైతే నాకు మెచ్చుకోబుద్ధి అయ్యేది కాదు. ఆ పిల్లను దగ్గరికి పిలిచి, నీకు కనబడింది చెప్పు తల్లీ, నాకేం కోపం రాదు అనేదాన్ని. బడి వదిలి ఇన్నేళ్లయినా, మనవరాలితో ఇప్పటికీ అదే అంటున్నాను.