ఒక పగలు బతికిన బిడ్డ

ప్రొద్దుటూరులో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, పిహెచ్‌డి కోసం నేను ఐదేళ్లలోపు పిల్లల మరణాల మీద పనిచేశాను. తల్లి వయసు, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం, పుట్టినప్పటి బరువు, వీటిలో ఏది బిడ్డ ప్రాణానికి ఎంత ముప్పు తెస్తుందో లెక్కగట్టాలి. దానికి ప్రతి బిడ్డ గురించీ రెండు సంగతులు తెలియాలి: ఇప్పుడు ఉందా, లేకపోతే ఎన్నాళ్లు బతికింది. అవి అడగడానికి సెలవుల్లో ఊళ్లు తిరిగేదాన్ని.

జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్లో ఆశా కార్యకర్త నన్నొక రైతుల ఇంటికి తీసుకెళ్లింది. వసారాలో అత్త శనగలు చెరుగుతోంది. కోడలికి ఇరవై నాలుగేళ్లుంటాయేమో, చంకలో రెండేళ్ల పాపతో గడపలో నిలబడింది. ఎంతమంది పిల్లలని నేను కోడలిని అడిగితే అత్త జవాబు చెప్పింది.

"ఒగ పాపేమ్మా. ఇదో, ఈ పాపే."

"ఇంతకుముందు కాన్పేదైనా?"

"ల్యా. ఒకటేనని రాసుకో."

కోడలు పాపను ఇంకో చంకకు మార్చుకుంది. నేను ఒకటి అని రాసుకుని, పాప బరువు, టీకాలు అడిగి లేచాను.

వీధి మలుపు తిరిగామో లేదో, పాపను ఎత్తుకుని కోడలు వెనకే వచ్చింది.

"మేడం, మీరు రాసుకునింది తప్పు. ముందు ఒగ మొగపిల్లోడు పుట్టినాడు. పులివెందల పక్కన మా అమ్మగారింట్లో ఉన్నెప్పుడు. నెలలు నిండల్యా."

"మరి మీ అత్త లేదన్నారే?"

"ఆయమ్మను ఏమనుకోవద్దండి. నేను యాడ ఏడుస్తానో అని ఆ మాటే ఎత్తదు."

ఎన్ని రోజులు బతికాడని అడిగాను.

"రోజులు యాడివి మేడం. తెల్లారి పుట్టినాడు. పొద్దు మునిగేతలికి పోయినాడు."

ఫారంలో రోజులకే గడి ఉంది. అందులో సున్నా వేశాను. ఆమె చూసింది.

"సున్నా ఏంది?"

"ఒక రోజు నిండలేదు కదమ్మా, అందుకు."

"పగలంతా ఉన్నాడు మేడం," అంది నెమ్మదిగా. "ఒగ తూరి నా పక్కన పండబెట్టినారు. నా ఏలు పట్టుకున్నాడు."

ఆశా కార్యకర్త ఆమె వీపు మీద చెయ్యి వేసింది. నేను ఆ సున్నా పక్కన 'ఉదయం నుంచి సాయంత్రం వరకు' అని రాసుకుని వచ్చేశాను.

కొన్ని వారాల తర్వాత వివరాలన్నీ కంప్యూటర్‌కెక్కించాను. గడిలో అంకెలే పడతాయి కాబట్టి ఆ బాబుకు సున్నానే వేశాను. లెక్క వేయిస్తే పిల్లల సంఖ్య తగ్గి వచ్చింది. వెతకగా తెలిసింది, బతికిన కాలం సున్నా అని ఉన్న బిడ్డలను ఆ ప్రోగ్రాం పక్కన పెట్టేస్తోంది. తొలిరోజే పోయిన పిల్లలెవరూ లెక్కలో లేరు.

"సున్నా ఉన్నచోటంతా అరరోజు వెయ్యమ్మా, సరిపోతుంది," అన్నారు మా గైడు సారు. అందులో తప్పేమీ లేదు. అయినా నాకు మనసొప్పలేదు. గంటలు అడగడానికి ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లాను. గుర్తులేదని ఏ తల్లీ అనలేదు.

జమ్మలమడుగు దగ్గరి ఆ ఇంటికి వెళ్లినప్పుడు అత్తాకోడళ్లు ఇద్దరూ వసారాలోనే ఉన్నారు. దాచి అడగడం నాకు చేతకాలేదు. బాబు పన్నెండు గంటలు ఉన్నాడని రాసుకోవచ్చా అని కోడలినే అడిగాను. ఆమె భయంగా అత్తవైపు చూసింది.

అత్త చేతిలోని చేట కింద పెట్టింది. "పన్నెండు కాదు," అంది. "కబురు తెలిసి నేను మద్యానానికంతా ఆడికి పోయినా. పొద్దు మునిగినాక గూడా గంటసేపు ఉన్నాడు. నా ఒడిలోనే. ఈ పిల్ల అప్పుడు తెలివిలో ల్యా."

"నాకెప్పుడూ చెప్పల్యా గదత్తా."

"ఎట్ల చెప్పేది మే. తెలివొచ్చినాక నువ్వు గోడ తట్టు తిరిగి పండుకున్న్యావు."

కోడలు లేచి వెళ్లి అత్త పక్కన కూర్చుంది. మగతలో తాను సరిగా చూడలేదంటూ, ముక్కు ఎవరిదని అడిగింది. మీ ఆయనదే, అచ్చు అట్లనే అంది అత్త. జుట్టు ఉండిందా అంది కోడలు. శానా ఉండింది, నల్లగా, అంది అత్త కొంగుతో కళ్లొత్తుకుంటూ.

నేను ఫారంలో పదమూడు గంటలని వేసి, వస్తానని చెప్పాను. వాళ్లు వినిపించుకోలేదు. పాప వాళ్లిద్దరి మధ్యా దూరి కూర్చుంది.