సైరన్ కూస్తే "బాపు" అనేవాడు మా తమ్ముడు

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు గడియారం అక్కర లేకపోయేది... బొగ్గు బాయి సైరనే మా గడియారం. అది కూసిందంటే బాపు... మా నాన్న... షిఫ్టు అయిపోయినట్టు. అమ్మ బొగ్గుల పొయ్యి మీద స్నానానికి నీళ్ళు పెట్టేది.

అప్పుడు నాకు పదేళ్ళు. ఐదో తరగతి అయిపోయి, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లోనే ఉండిపోయాను. వాడికి ఏడాదిన్నర. వాడికి వచ్చిన మొదటి మాట "అమ్మ" కాదు... "బాపు". సైరన్ కూయగానే చేతిలో ఏమున్నా పడేసి, పడుతూ లేస్తూ గడప దాకా వెళ్ళి "బాపు... బాపు" అనేవాడు.

బాయి నుంచి వచ్చే వాళ్ళందరి ముఖాలూ నల్లగానే ఉండేవి కదా... వాడికి అందరూ బాపులే. పక్కింటి కాక సైకిల్ ఆపి మరీ ఆటపట్టించేవాడు.

"ఏందిరా, నేను గూడ నీ బాపునేనా? గట్టిగ అనకు, మీ చిన్నమ్మ ఇంటే నాకు బువ్వ పెట్టది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

బాపు స్నానం చేసి తెల్లగా వస్తే మాత్రం వీడు దగ్గరికి పోయేవాడు కాదు. నల్ల బాపు ఎక్కడికి పోయాడా అని తలుపు వెనక వెతికేవాడు. ఒకరోజు బాపు స్నానం చేస్తుంటే పక్కనే నిలబడి చూశాడు... నల్లనీళ్ళు మోరీలోకి పోతుంటే, ఆ నలుపు లోపల నుంచి బాపు బయటపడుతుంటే... నా చెయ్యి పట్టి లాగి చూపించాడు. "బాపు... బాపు" అని ఒకటే ఎగరడం. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

తర్వాత రోజుకొక మాట... నిప్పును "ఇప్పు" అనేవాడు. గంప కింది కోడిపిల్లను "కీ" అనేవాడు. వాడి మాటలు నాకు ఒక్కదానికే తెలిసేవి. అమ్మ కూడా నన్నే అడిగేది... "ఏమంటున్నడే వాడు?" అని. నలుగురిలో నోరు విప్పని పిల్లను... ఆ ఒక్క పనిలో మాత్రం నేనే పెద్దదాన్ని.

ఇప్పుడు నేను నస్పూర్ దగ్గర అత్తగారింట్లో ఉంటున్నాను. నాకొక కొడుకు... మూడేళ్ళు దాటాయి. ఒక్క మాట రాలేదు.

"మా ఇంట్ల మొగపోరగాండ్లకు మాటలు ఆలస్యంగనే వస్తయ్. నీ మొగడు గూడ గంతే" అనేది అత్త. నాకు అనుమానం వచ్చి, వీడికి వినిపిస్తుందో లేదో అని ఒకసారి మెల్లగా అన్నాను. అత్త కసిరింది.

"బాంబు పేలినప్పుడు ఎట్ల ఉలిక్కిపడుతడో చూస్తలేవా? చెవులు మంచిగున్నయ్. ఫికర్ పెట్టుకోకు."

నిజమే... మా ఇంటికి దగ్గరలో పైనుంచి బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గని ఉంది. మధ్యాహ్నం బ్లాస్టింగ్ పెడతారు. అలమరలో గిన్నెలు గలగలమంటాయి. నిద్రలో ఉన్నా సరే, వాడు ఉలిక్కిపడి లేస్తాడు. మా ఆయన కూడా అదే చూసి ధైర్యంగా ఉన్నాడు. నేనూ నమ్మాను.

పక్కింటి అక్క ఇంకో మాట అంది... "నువ్వు నోరు తెరుస్తె గద, పోరడు తెరిచేది? మూగనోము పట్టినట్టు ఉంటవ్."

ఆ మాట మనసులో పెట్టుకున్నాను. మరుసటి రోజు నుంచి వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని... ఇది గంటె, ఇది చాట, ఇది ఉల్లిగడ్డ నాన్నా అని... పుట్టి బుద్ధెరిగాక నేను అంత మాట్లాడింది లేదు. వాడు నా పెదవుల వైపే చూసేవాడు. వింటున్నాడనుకుని ఇంకా చెప్పేదాన్ని.

మొన్న తమ్ముడు వచ్చాడు. ఇప్పుడు వాడికి పద్దెనిమిదేళ్ళు. మేం మాట్లాడుకుంటుంటే ఇక్కడి బాయి సైరన్ కూసింది. మేం ఎప్పుడూ చెప్పే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చి, వాడు నవ్వుతూ గడప దగ్గరికి పోయి "బాపు... బాపు" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. నా కొడుకు మాత్రం మా వైపు వీపు పెట్టి, చక్రం ఊడిన లారీ బొమ్మతో ఆడుకుంటూనే ఉన్నాడు.

"అల్లుడా..." అని పిలిచాడు తమ్ముడు. ఇంకోసారి గట్టిగా పిలిచాడు. స్టీలు పళ్ళెం తెచ్చి వాడి తల వెనక గరిటెతో కొట్టాడు. వంటింట్లో నుంచి అత్త పరుగెత్తుకొచ్చింది... వాడు తల తిప్పలేదు.

తమ్ముడు పళ్ళెం కింద పెట్టేశాడు. "అక్కా... దవాఖానకు పోదాం" అన్నాడు.

చెవులకు పరీక్షలు చేశారు. బ్లాస్టింగ్ సంగతి చెబితే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. వాడికి తెలిసేది చప్పుడు కాదట... నేల అదరడం.

"ఇంకా చిన్నగా ఉన్నప్పుడే తీసుకురావాల్సిందమ్మా. ఇప్పుడు చెవికి మిషన్ పెట్టినా మాటలు వస్తాయని గట్టిగా చెప్పలేను."

దేన్ని చూసి ధైర్యంగా ఉన్నామో, అదే మమ్మల్ని ఇన్నాళ్ళు మోసం చేసింది. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. "ఉలిక్కిపడ్డడు గదనే... ఉలిక్కిపడ్డడు గద" అని అదే మాట.

నిన్న మధ్యాహ్నం మళ్ళీ పేల్చారు. వాడు లేచి కూర్చుని, అరచెయ్యి నేలకు ఆనించాడు. నా చెయ్యి కూడా పట్టి తన చెయ్యి పక్కన పెట్టాడు... నాకూ చూపిస్తున్నాడు. మోరీ దగ్గర మా తమ్ముడి ముఖం ఎట్లా వెలిగిందో, అచ్చం అట్లాగే.

నేను ఆ చిన్న చేతిని తీసి నా గొంతు మీద పెట్టుకున్నాను. "అమ్మ" అన్నాను. వాడు కొంచెంసేపు చూశాడు. తర్వాత చెయ్యి తీసి, మళ్ళీ నేల మీదే పెట్టుకున్నాడు.

మీ పిల్లలు మొదట ఏ మాట అన్నారో కింద రాయండి... వచ్చీ రాని మాటలైతే వచ్చీ రానట్టే రాయండి. నేను చదువుకుంటాను. ఇక్కడ కూడా రోజూ సైరన్ కూస్తుంది... మా గడప దాకా ఎవరూ పరుగెత్తరు.