షరీఫ్ కలిపిన అరవైనాలుగు మంది

గుంతకల్లు స్టేషన్ రోడ్డులో షరీఫ్‌ది నెట్ సెంటరు. తొంభై ఎనిమిదిలో అది ఎస్టీడీ బూత్. ఆ అద్దాల డబ్బా ఇంకా అట్లే ఉండాది, ఇప్పుడు దాంట్లో చీపురు పెట్టుకుంటాడు. బూత్‌లో ఊరి గుట్టంతా చెవిన పడినా ఒకరిది ఇంకొకరికి చెప్పినోడు కాదు. అందుకే రెండు పార్టీలోళ్లూ ఆయన అంగడికే వస్తారు.

ఫేస్‌బుక్కుకు ముందు దోస్తుల సైటు ఆర్కుట్ వచ్చినాక అందరికీ అకౌంట్లు తెరిచిచ్చింది ఆయనే. మనోళ్లు పొద్దున పెట్టిన పాస్‌వర్డు మాపటికి మర్చిపోతారు గదా, మనిషికొక పేజీ లెక్కన నోటుబుక్కులో రాసిపెట్టినాడు. కొత్త అకౌంటు బోసిగా కనపడకూడదని పాతోళ్లందరినీ, తనను గూడా, దానికి దోస్తులను చేసేవాడు. ఈ పక్క నుంచి అడిగేదీ ఆయనే, ఆ పక్క నుంచి ఒప్పుకునేదీ ఆయనే. అట్ల అరవైనాలుగు మందిని కలిపేసినాడు, వాళ్లకు తెలియకుండానే.

రెండువేల తొమ్మిది ఎలక్షన్లు అయినాక అనంతపురం నుంచి ఈశ్వరి అనే పీజీ పిల్ల వచ్చింది. రాజకీయం ఆర్కుట్‌లో మనుషులను ఎంత విడగొట్టిందో కొలిచేది ఆమె ప్రాజెక్టు. ఏ పార్టీ గుంపులో ఎవరుండారు, అవతలి గుంపులో వాళ్లకు దోస్తులెందరు, ఇదీ లెక్క. మూడు దినాలు ఆ అంగట్లోనే కూర్చుంది.

"అన్నా, ఇంత కలివిడి ఊరు యాడా చూళ్లేదు. దాదాపు అందరికీ అందరూ దోస్తులే!"

షరీఫ్ టీ గ్లాసు కింద పెట్టినాడు. నిజం చెప్తే జనం అకౌంట్లలో చెయ్యి పెట్టినాడని తెలిసిపోతాది, అంగడికి ఇంక ఎవరొస్తారు? చెప్పకపోతే ఈ పిల్ల సోమవారం ఈ లెక్క చూపించి సార్ల ముందర నవ్వులపాలవుతాది.

"అది ఊరి గొప్ప కాదమ్మా, నా చేతి దురద," అని అంతా చెప్పేసినాడు.

ఈశ్వరి తల పట్టుకుంది. కాసేపటికి లేచి నిలబడింది. "అయితే మొదట అందరూ కలిసే ఉండారు గదన్నా! ఇప్పుడు ఎవరి దోస్తుల్లో ఎవరు లేకుంటే వాళ్లను కావాలనే తీసేసినట్టు. తెగినవి లెక్కపెడితే సరి!"

రెండు గుంపుల మధ్య తెగినవి నలభై ఒకటి.

"నేను ఏ గుంపులోనూ లేను. నన్ను గూడా చూడమ్మా," అన్నాడు షరీఫ్ కులాసాగా.

ఆయన ఒక్కడినే ముప్పైయేడు మంది తీసేసినారు. ఆ పార్టీ పంతొమ్మిది, ఈ పార్టీ పద్దెనిమిది.

మూడో మిషను దగ్గర గిరి కూర్చోనుండాడు. ఆ పంతొమ్మిదిలో ఒకడు.

"ఏమప్పా గిరీ, నన్నెందుకు తీసేసినావు?"

"వాళ్ల కరపత్రం టైపు చేసినావంట గదన్నా."

"మీది గూడా చేసినాను గదప్పా!"

"అదే. ఇద్దరిదీ చేసేటోణ్ణి ఎట్ల నమ్మేది?"

షరీఫ్ చెయ్యి నోటుబుక్కు మీదికి పోయింది. అరగంట కూర్చుంటే ముప్పైయేడు మందీ మళ్లీ దోస్తులే. ఈశ్వరి చూస్తాండాది. ఆయన గిరి పేజీ చించి వాని ముందర పెట్టినాడు.

"నీ పాస్‌వర్డుతో ఊరందరినీ నీకు దోస్తులను చేసింది నేనేప్పా. ఇంక ఇది నీ దగ్గరే పెట్టుకో."

గిరి కాగితం చూసినాడు, షరీఫ్ మొగం చూసినాడు. మడిచి మళ్లీ నోటుబుక్కులోనే పెట్టినాడు.

"నేను యాడన్నా పారేసుకుంటా. నీ దగ్గరే ఉండనీ," అని మిషను దిక్కు తిరిగినాడు. "దోస్తుగా మాత్రం కలపొద్దు."