బావ అక్కను పేరు పెట్టి పిలిచిన రోజులు

మా బావ గుండె ఒకసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది. ఈ మాట వింటే కొత్తవాళ్ళు చేతులు జోడిస్తారు. బావ మాత్రం అంగీ పైకెత్తి, "గుండె సంగతి దేవుడెరుగు, గీ పక్కబొక్క ఇరగ్గొట్టింది మాత్రం గీ పోరడే" అని నన్ను చూపిస్తాడు. పక్కటెముక విరిగిన మాట నిజమే కనుక నేను కాదనను.

హుజూరాబాద్‌లో బావకు బియ్యం మిల్లు ఉండేది. కరెంటు మోటారు పెట్టిన కొత్త. నేను డిప్లొమా పూర్తిచేసి బెల్లంపల్లి దగ్గర ఒక బొగ్గుగనిలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా చేరాను. సెలవు మీద అక్కను చూడటానికి వచ్చి, మిల్లులో స్టార్టరు డబ్బాకు ఎర్తు వైరు లేదని గమనించాను. నేల చూస్తే వానకు తడిసి ఉంది. వైరు వేయించమన్నాను.

"గనిల నేర్సిన సదువంత నా మిల్లుల పెట్టకు బామ్మర్దీ" అన్నాడు బావ.

మర్నాడు పొద్దున అదే డబ్బా మీద చెయ్యి వేసి వెల్లకిలా పడిపోయాడు.

మెయిన్ తీసేసి దగ్గరికి పోతే ఊపిరి లేదు, నాడి లేదు. గనిలో ప్రథమ చికిత్స తరగతిలో అప్పుడప్పుడే ఒక కొత్త పద్ధతి నేర్పారు. ఛాతీ నడిమి ఎముక మీద అరచేతులు ఆనించి గట్టిగా నొక్కాలి. మధ్యమధ్యలో నోట్లోకి ఊపిరి ఊదాలి. నేను అంతవరకు దిండు మీద తప్ప మనిషి మీద చేసింది లేదు. నొక్కుతూ ఉంటే మిల్లు హమాలీ ఒకతను నా భుజం పట్టి లాగాడు.

"సచ్చినోన్ని గట్ల గుద్దుడేందయ్యా? బావ మీద గింత పగ ఉంటదా?"

అతను లాగుతూనే ఉన్నాడు, నేను నొక్కుతూనే ఉన్నాను. బావ ఒక్కసారి పెద్దగా ఊపిరి పీల్చేసరికి హమాలీ నా భుజం వదిలి బయటికి ఉరికాడు.

లారీలో వేసుకుని కరీంనగర్ సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. గుండె నడుస్తోంది, ఊపిరి ఆడుతోంది, బావ మాత్రం కళ్ళు తెరవడు. అక్కడి డాక్టరు సాబు నెరిసిన గడ్డం ఉన్న పెద్దమనిషి. దాచకుండా చెప్పాడు.

"గుండె ఆగినప్పుడు తలకాయకు రక్తం అందలే. లేస్తడా, లేస్తే ఎంత మనిషై లేస్తడు, గది ఇప్పుడు చెప్తే అబద్ధమైతది. ఒక్కొక్కటి చూసుకుంట పోవాలె."

మొదట గిల్లితే చెయ్యి లాక్కోవాలి, తర్వాత కళ్ళు తెరవాలి, పిలిస్తే చూడాలి, చెప్పిన పని చెయ్యాలి, ఆఖరున మనుషులను గుర్తుపట్టాలి. ఆ వరుస వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది. తెగిన లైనును స్తంభం తర్వాత స్తంభం చూసుకుంటూ పోవడం నాకు తెలిసిన పనే. అక్కకు ఆ వరుసతో నిమిత్తం లేదు. ఆమె ఆఖరు స్తంభం ఒక్కటే అడిగింది.

"నన్ను గుర్తువడ్తడా సాబూ?"

డాక్టరు సాబు, "పేరు వెట్టి పిలువు బేటీ. ఇంట్లోళ్ల గొంతు వినవడాలె" అన్నాడు.

మా ఇళ్ళలో ఆలుమగలు ఒకరి పేరు ఒకరు పలకరు. పెళ్ళయి మూడేళ్ళు దాటినా అక్క నోట బావ పేరు నేను వినలేదు. అక్క నావైపు చూసింది, పక్కనున్న తన అత్తవైపు చూసింది, నేలవైపు చూసింది. చివరికి బావ చెవి దగ్గర ఏదో గొణిగింది.

"నాకే వినవడలే, ఆయనకేం వినవడ్తది?" అన్నాడు డాక్టరు సాబు.

బావ తల్లి కొంగుతో చెవులు మూసుకుని గోడవైపు తిరిగింది. "నేనింటలేనే పిల్లా, పిలువు."

అక్క కళ్ళు మూసుకుని ఒక్క కేక పెట్టింది. అవతలి మంచం మీది ముసలాయనదీ అదే పేరట, "ఆఁ" అంటూ లేచి కూర్చున్నాడు. బావ రెప్పలు మాత్రం కొద్దిగా అదిరాయి.

ఆ తర్వాత మెల్లమెల్లగా ఒక్కో స్తంభం దాటాడు. కళ్ళు తెరిచాడు, చెప్తే చెయ్యి ఎత్తాడు, తల్లిని గుర్తుపట్టాడు. నన్ను చూసి "పరీక్షలైనయాఁ?" అన్నాడు. నేను ఇంకా చదువుకుంటున్నాననే అతని లెక్క. తర్వాత అక్కవైపు తిరిగి మర్యాదగా అడిగాడు.

"నీ పేరేందమ్మా?"

దవాఖాన ఆయా అనుకున్నాడు. పెళ్ళి, ఆ తర్వాతి రోజులు అతని తలలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. అక్క తన పేరు చెప్పింది. ఇక అప్పటినుంచి మంచినీళ్ళకు, దుప్పటికి, కిటికీ మూయడానికి ఆ పేరు పెట్టి, చివర ఒక "అమ్మా" తగిలించి పిలవడమే. వార్డులో ఆడవాళ్ళకు మంచి కాలక్షేపమైంది.

"మొగడు గట్ల పేరు వెట్టి పిలుస్తే నేనైతే రోజూ పండుగ జేసుకుందునే!"

అక్క కూడా వాళ్ళతో నవ్వేది. నవ్వి, అప్పటికే కడిగిన గ్లాసులు మళ్ళీ కడిగేది. ఒకరోజు నన్ను వరండాలోకి పిలిచి, "తమ్ముడూ, మల్ల మొదటికెల్లి లగ్గం జేసుకోవాల్నారా?" అంది. సగం నవ్వి ఆగిపోయింది.

డాక్టరు సాబు నేర్పిన ప్రశ్నలు నేను రోజూ ఒకే వరుసలో అడిగేవాణ్ణి. నీ పేరు, నీ ఊరు, ఇది ఏ నెల, ఈమె పేరు. నెల ఒక్కటే తప్పు చెప్పేవాడు. అక్క పేరు మాత్రం ఠక్కున వచ్చేది. ఒక పొద్దున నెల కూడా సరిగ్గా చెప్పాడు. సంతోషంగా ఆఖరు ప్రశ్న వేశాను.

బావ అక్కవైపు చూశాడు. చూపు దించుకుని దుప్పటి అంచు పీకడం మొదలుపెట్టాడు.

"చెప్పు బావా."

మాట్లాడడు. మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే. ఉన్నది కూడా పోతోందని డాక్టరు సాబును పిలుచుకొచ్చాను. ఆయన మంచం పక్కన నిలబడి అదే అడిగాడు. బావ నావైపు తిరిగాడు.

"నువ్వే చెప్పరాదు బామ్మర్దీ?"

"పరీక్ష నీకు బావా, నాకు కాదు. తెలిస్తే చెప్పు."

"తెల్వకేంది? గింతమంది ముందట ఇంటామె పేరు చెప్తరాఁ? సదువుకున్నవు, జర సిగ్గుండాలె!"

డాక్టరు సాబు నా భుజం తట్టి, "గీ సవాల్‌కు జవాబు రాకుంటెనే పాస్, ఇంజనీర్ సాబ్" అన్నాడు.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. బావ తలుపువైపు మెడ సాచి, "ఇగో, ఏడికి వోయినవ్? చాయ్ తెస్తనంటివి గద!" అని కేకేశాడు.

చాయ్ అప్పుడే తాగాడు. మూతికి అంటిన తడి ఇంకా ఆరలేదు. అక్క కాసేపటికి కళ్ళు తుడుచుకుని వచ్చి, రెండో చాయ్ అతని చేతికిచ్చింది.